మాట్లాడే పుస్తకం

1935వ సంవత్సరం. అమెరికా దేశం ఆర్థిక మాంద్యంలో మునిగి ఉన్నది. పనులు లేక, తినడానికి తిండి లేక జనం అల్లాడుతున్నారు. అటువంటి సమయంలో యాభై అయిదేళ్ళ స్త్రీ ఒకామె అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు ప్రభుత్వాన్ని ఒక యంత్రం కోసం అర్థించింది. చూడటానికి అది గ్రామఫోను వంటిదే. అయితే దానిమీద తిరిగే రికార్డులలో పాటలు ఉండవు. ఎవరో ఒకరు పుస్తకాన్ని మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివిన కంఠస్వరం ఉంటుంది. అంధులు దానిని విని గ్రంథపఠనం చేయవచ్చు. అందుకే దానికి మాట్లాడే పుస్తకం అని పేరు వచ్చింది. ఆ యంత్రాన్ని అడిగినామె హెలెన్ కెల్లర్. ఆమెకు చూపు లేదు. వినికిడి కూడా లేదు. ఆ యంత్రం పలికే ఒక్క మాట అయినా ఆమె చెవిన పడదు.

హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కంబియా అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి ఆర్థర్ కెల్లర్ పత్రికా సంపాదకుడు. తల్లి కేట్. పందొమ్మిది నెలల పసిపాపగా ఉన్నప్పుడు తీవ్రమైన జ్వరం వచ్చి, తగ్గిపోతూ కంటిచూపును, చెవుల వినికిడిని తీసుకొనిపోయింది. మాటలు నేర్వవలసిన వయసులో ఆ బాలికకు మాట అనేది ఒకటి ఉన్నదనే సంగతే తెలియకుండా పోయింది. తనకు తోచిన సైగలు కొన్ని కల్పించుకొని, అవి ఎదుటివారికి అర్థం కానప్పుడు నేలమీద పడి దొర్లి ఏడ్చేది.

బిడ్డకు చదువు చెప్పించే దారి వెతుకుతూ తల్లిదండ్రులు 1886లో అలెగ్జాండర్ గ్రాహం బెల్‌ను కలుసుకొన్నారు. టెలిఫోను కనిపెట్టినవాడుగానే లోకం ఆయనను ఎరుగును గాని, ఆయన వృత్తి బధిరులకు మాట నేర్పడం. ఆయన తల్లికి వినికిడి లేదు, భార్యకూ లేదు. బధిరుల కోసమే ధ్వనిని గురించి పరిశోధిస్తూ వచ్చిన ఆ మనిషి చేతిమీదుగా 1876లో వెలువడిన టెలిఫోను, బధిరులు ఏ మాత్రం ఉపయోగించుకోలేని వస్తువు అయింది. ఇల్లాలు ఇంట ఉండగా ఆయన బయటి నుండి ఫోను చేసి ఆమెతో మాట్లాడే వీలు లేదు. కొత్త యంత్రం ఒకరికి తలుపు తెరుస్తూ మరొకరికి మూసివేయడం అనే ఈ విచిత్రం హెలెన్ జీవితం పొడుగునా కనిపిస్తుంది.

బెల్ సలహాతో బోస్టన్ నగరంలోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు జాబు వెళ్ళింది. అక్కడి నుండి 1887 మార్చి 3న ఆనీ సలివాన్ అనే ఇరవై ఏళ్ళ ఉపాధ్యాయిని టస్కంబియాకు వచ్చింది. ఆమె అనాథాశ్రమంలో పెరిగి, కంటిజబ్బుతో సగం చూపు పోగొట్టుకొన్నది. నీటి పంపు దగ్గర ఒక చేతిమీద నీళ్ళు ధారగా పడుతుండగా రెండో అరచేతిలో ఆనీ ఆ పదానికి గల అక్షరాలను వేళ్ళతో వ్రాయడం, ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉన్నదని హెలెన్‌కు ఆ క్షణాన స్ఫురించడం చాలామంది విన్న కథే. అది జరిగింది 1887 ఏప్రిల్ 5న. ఆ తరువాత కొన్ని నెలలలోనే ఆ బాలిక ఉబ్బెత్తు అక్షరాలను వేలితో తడిమి చదవడం నేర్చుకొన్నది. పదేళ్ళ వయసులో మాట్లాడటం నేర్చుకొనసాగింది. ఎదుటివారి పెదవులమీద, గొంతుమీద వేళ్ళు ఆనించి వారి మాటను గ్రహించేది.

అంతగా తెలియని కథ మరొకటి ఉన్నది. ఆ కాలంలో అంధులకు అక్షరాలు దొరకడమే కష్టం అనుకొంటే, దొరికిన అక్షరాలు ఒక తీరున లేకపోవడం అంతకంటె కష్టం. ఫ్రాన్సు దేశీయుడు లూయీ బ్రెయిలీ ఆరు చుక్కల లిపిని కల్పించి అప్పటికి అరవై ఏళ్ళు దాటింది. అయినా అమెరికాలో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క లిపిని పట్టుకొని కూర్చున్నది. న్యూయార్కు చుక్కల లిపి ఒకటి, అమెరికన్ బ్రెయిలీ ఒకటి, ఇంగ్లీషు బ్రెయిలీ ఒకటి, బోస్టన్ గీతల లిపి, మూన్ లిపి - పుస్తకం ఎక్కడ అచ్చయిందో దాని లిపి నేర్చుకొంటే గాని అది చదవడం కుదరదు. హెలెన్ ఈ అయిదూ నేర్చుకొన్నది. 1899లో రాడ్‌క్లిఫ్ కళాశాల ప్రవేశపరీక్షకు సిద్ధమవుతున్నప్పుడు, పరీక్షకు సరిగా రెండు రోజుల ముందు ఆమెకు ఒక పాత బీజగణిత ప్రశ్నపత్రం అందింది. అది అమెరికన్ బ్రెయిలీలో ఉన్నది. లెక్కల గుర్తులను ఆమె నేర్చుకొన్నది ఇంగ్లీషు బ్రెయిలీలో. జాబు వ్రాసి, తిరుగు టపాలో గుర్తుల పట్టిక తెప్పించుకొని, ముందు రోజు రాత్రి కూర్చొని వాటిని వంటబట్టించుకొన్నది. గణితం రానందువల్ల కాక గణితపు గుర్తులు మారిపోయినందువల్ల పరీక్ష తప్పే పరిస్థితి ఆమెకు వచ్చింది. గట్టి పట్టుదల కలిగిన హెలెన్ దాన్ని గెలిచింది. ఆ గోడ దగ్గరే ఆగిపోయినవారి పేర్లు చరిత్రలో లేవు.

1904లో ఆమె పట్టభద్రురాలు అయింది. చూపు, వినికిడి రెండూ లేని వ్యక్తి కళాశాల పట్టం అందుకోవడం అదే మొదలు. అంతకు ముందు సంవత్సరమే ఆమె ఆత్మకథ పుస్తకంగా వెలువడి దేశదేశాలకు వ్యాపించింది. ఇక మీదట సుఖంగా గ్రంథరచన చేసుకొంటూ కాలం గడపవచ్చును. ఆమె అలా గడపలేదు. పసికందులకు పుట్టగానే కంట్లో మందు చుక్క వేస్తే తప్పిపోయే అంధత్వం గురించి, పత్రికలు మాట్లాడటానికి జంకే రోజులలో 1907లో వ్యాసం వ్రాసింది. స్త్రీల ఓటుహక్కు కోసం, కార్మికుల కోసం వాదించింది. డబ్బు చాలక నాటకశాలలలో ప్రదర్శనలు కూడా ఇచ్చింది.

1921లో అమెరికన్ అంధుల సంస్థ ఏర్పడింది. 1924 నుండి హెలెన్ ఆ సంస్థ కోసం ఊరూరా తిరిగి నిధులు, మద్దతు కూడగట్టసాగింది. చివరి దాకా ఆ బంధం తెగలేదు. ఆ 1924లోనే మరొక ముచ్చట జరిగింది. రేడియో అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్నది. ఒక రాత్రి బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ ప్రసారమవుతుండగా, రేడియో మూత విప్పి లోపలి పలుచని రేకుమీద హెలెన్ చేయి ఉంచింది. వాద్యాల కదలిక, వృందగానపు ఉప్పెన ఆమె వేళ్ళకు అందాయి. దూరాన ఎక్కడో మోగుతున్న సంగీతం గాలిలో వచ్చి చెవిటిదైన తన చేతిని తాకడం ఆమెను ఎంతో కదిలించింది. యంత్రం పట్ల ఆమెకు విముఖత లేదనడానికి ఇది చాలు.

దయ కలిగిన దాతలు ఇచ్చే చందాలతో పుస్తకాలు అచ్చు వేస్తూ పోతే ఎన్ని తరాలకు సరిపోతుంది? ప్రజల పన్నుతో నడిచే గ్రంథాలయం చూపు ఉన్నవారి సొత్తు మాత్రమే ఎలా అవుతుంది? ఈ ప్రశ్నల నుండి పుట్టినదే ప్రాట్-స్మూట్ బిల్లు. 1930లో హెలెన్ అమెరికన్ కాంగ్రెసు సంఘం ముందు హాజరై ఆ బిల్లును సమర్థించింది. 1931 మార్చి 3న అది చట్టమైంది. వయోజనులైన అంధుల కోసం పుస్తకాలు సిద్ధం చేయడానికి జాతీయ గ్రంథాలయానికి ఏటా లక్ష డాలర్లు కేటాయించబడినాయి. దేశం మొత్తంమీద ప్రాంతీయ గ్రంథాలయాల ద్వారా ఆ పుస్తకాలు పాఠకులకు చేరసాగాయి. దయ స్థానంలో హక్కు వచ్చి కూర్చున్నది.

అయితే ఆ చట్టం వ్రాసినవారి మనసులో ఉన్నది చుక్కల పుస్తకమే. వయసు మళ్ళిన తరువాత చూపు పోయినవారికి, పొలం పనులలో, కర్మాగారాలలో వేళ్ళు మొద్దుబారినవారికి ఆ లిపి అంత సులభంగా పట్టుబడదు. అంధుల సంస్థ నిర్వాహకుడు రాబర్ట్ ఇర్విన్ ఈ లోపాన్ని బాగా ఎరిగినవాడు. ఆయన అయిదేళ్ళ వయసులో చూపు కోల్పోయినవాడు. అప్పటి సాధారణ గ్రామఫోను రికార్డు నాలుగయిదు నిమిషాలలో అయిపోయేది. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ ఒక్కొక్క వైపు పావుగంట సేపు పలికే రికార్డును ఇర్విన్ బృందం రూపొందించింది. ఒక నవలకు పదిహేను, ఇరవై రికార్డులు పట్టేవి. సంగీతప్రియులు ఆ తీరు రికార్డును అంగళ్ళలో విరివిగా కొనుక్కొన్నది 1948 తరువాతనే. అంటే అంధుల చేతికి ముందుగా వచ్చిన సౌకర్యం లోకానికంతటికీ పద్నాలుగేళ్ళు ఆలస్యంగా అందింది. 1933లో చట్టాన్ని సవరించి, ఆ నిధులను మాట్లాడే పుస్తకాలకు సైతం వాడే వీలు కల్పించారు. రెండేళ్ళ కిందటి చట్టాన్ని అప్పుడే మార్చవలసి వచ్చింది. యంత్రం అంత వేగంగా వచ్చి పడింది.

రికార్డులు ఉన్నాయి, వాటిని తిప్పే యంత్రం కొనే శక్తి మాత్రం పేద అంధులకు లేదు. యంత్రాల కోసం నిధులు సేకరించి పెట్టమని ఇర్విన్ హెలెన్‌ను కోరాడు. ఆమె ఒప్పుకోలేదు. దేశంలో కోట్లాది జనం పనిలేక ఆకలితో ఉండగా మాట్లాడే పుస్తకం ఒక విలాసమని, దానికోసం జోలె పట్టడం తనకు చేతకాదని 1933లో తిరుగు జవాబు ఇచ్చింది. ఈ నిరాకరణను కొందరు జీవితచరిత్రకారులు తేలికగా దాటవేస్తారు. దాటవేయవలసిన పని లేదు. ఆకలి ముందా, అక్షరం ముందా అనే ప్రశ్నకు ఆమె ఆనాడు ఆకలి ముందని చెప్పింది. పైగా ఆ యంత్రం తనకు ఏ విధంగానూ పనికిరాదు. దాని విలువ ఆమెకు ఇతరుల మాటల ద్వారా తెలియవలసిందే.

తెలిసింది కూడా. ఏళ్ళ తరబడి ఒంటరిగా గోడను ఆనుకొని కూర్చొనే ముసలివారు, రికార్డు పెట్టుకొని కథ వింటూ మళ్ళీ మనుషులలో పడుతున్నారన్న సంగతి ఆమెను మార్చింది. రెండేళ్ళు తిరగకముందే ఆమె మనసు మార్చుకొని, తన పలుకుబడినంతా ఆ యంత్రం వెనుక ఉంచింది. 1935లో రూజ్వెల్టు కార్యనిర్వాహక ఉత్తర్వు జారీచేసి, నిరుద్యోగులకు పని కల్పించే పథకం నిధుల నుండి రెండు లక్షల డాలర్లకు పైగా మంజూరు చేశాడు. పోలియోతో కాళ్ళు చచ్చుపడిన ఆ అధ్యక్షునికి ఈ విజ్ఞప్తిని వేరుగా వివరించి చెప్పవలసిన అవసరం ఉండి ఉండదు. పనిలేనివారికి పని దొరికింది, అంధులకు యంత్రం దొరికింది. ఆకలికీ అక్షరానికీ మధ్య హెలెన్‌ను బాధించిన చిక్కు అలా విడిపోయింది. 1942 నాటికి ఆ పథకం కింద ఇరవై వేలకు పైగా యంత్రాలు తయారై అంధుల ఇళ్ళకు చేరాయి.

బధిరుల విషయంలో మాత్రం కాలం ఎదురుతిరిగింది. మూకీ చిత్రాలలో మాటలు తెరమీద అక్షరాలుగా పడేవి. చదువు వచ్చిన బధిరుడు పక్కవారితో సమానంగా కథను అనుసరించేవాడు. 1927 తరువాత టాకీలు వచ్చాయి. 1932లో తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. తెర మాట్లాడటం మొదలుపెట్టగానే అక్షరాలు మాయమైనాయి. చూపు లేకపోవడం కంటె వినికిడి లేకపోవడమే తనను మనుషులకు ఎక్కువగా దూరం చేసిందని హెలెన్ భావించేది. అయినా ఆమె శక్తిలో అధికభాగం అంధుల సంస్థ పనికే వెచ్చింపబడింది. టెలివిజను తెరమీద మాటలు అక్షరాలుగా కనిపించేటట్లు చేయాలన్న చట్టం అమెరికాలో రావడానికి 1990 దాకా ఆగవలసి వచ్చింది.

1936లో ఆనీ సలివాన్ మరణించింది. యాభై ఏళ్ళపాటు అరచేతిలో లోకాన్ని వ్రాసి చూపిన చేయి అది. ఆ తరువాత పాలీ థామ్సన్ తోడుగా హెలెన్ దేశదేశాలు తిరిగింది. 1948లో అణుబాంబు దెబ్బతిన్న హిరోషిమా, నాగసాకి నగరాలకు వెళ్ళింది. 1955లో, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఆసియా ఖండంలో సుదీర్ఘ యాత్ర చేస్తూ భారతదేశానికి వచ్చింది. ప్రధానమంత్రి నెహ్రూ ముఖాన్ని వేళ్ళతో తడిమి ఆయనను చూచింది.

ఆమె వచ్చేటప్పటికి మన దేశంలో ఒక పెద్ద పని పూర్తయి నాలుగేళ్ళయింది. స్వాతంత్ర్యానికి పూర్వం మన అంధపాఠశాలలలోనూ ఒక్కొక్క చోట ఒక్కొక్క చుక్కల లిపి ఉండేది. రాడ్‌క్లిఫ్ పరీక్షలో హెలెన్ పడిన అవస్థే ఇక్కడి పిల్లలదీ. యునెస్కో పూనికతో జరిగిన చర్చల ఫలితంగా 1951లో భారతి బ్రెయిలీ ఖాయమైంది. తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ ఇందులో ఒకే రూపం. ఆరు చుక్కల గడిలో ఎడమ వరుసన పైనొకటి, కిందనొకటి. తలకట్లు, గుడులు, కొమ్ములు లేవు. ‘కి’ అని వ్రాయాలంటే ‘క’ తరువాత ‘ఇ’ చుక్కలు పెడితే సరిపోతుంది. కంటికి అలంకారమైన గుణింతం వేలికి అడ్డు కాకుండా ఆ విధంగా విప్పి పెట్టారు. అదే సంవత్సరం డెహ్రాడూన్‌లో బ్రెయిలీ ముద్రణాలయం వెలిసింది.

1961లో పక్షవాతం వచ్చి హెలెన్ ప్రజాజీవితం నుండి విరమించుకొన్నది. 1968 జూన్ 1న, ఎనభై ఎనిమిదవ ఏడు నిండటానికి కొద్ది రోజుల ముందు, నిద్రలో కన్నుమూసింది. ఆమె చితాభస్మాన్ని వాషింగ్టన్ ప్రార్థనామందిరంలో ఆనీ, పాలీల సరసన ఉంచారు.

ఆమె మొదలుపెట్టిన పని మాత్రం యంత్రంతో పాటు పరుగెత్తుతూనే ఉన్నది. 2010 అక్టోబరు 8న అమెరికాలో ఇరవై ఒకటవ శతాబ్దపు సమాచార సాధనాల అందుబాటు చట్టం వచ్చింది. ఇంటర్నెట్టు, సెల్‌ఫోన్లు, వీడియోలు అంధులకు, బధిరులకు పనికివచ్చే రీతిలో ఉండాలని అది నిర్దేశించింది. హెలెన్ వలె రెండు లోపాలూ ఉన్న పేదవారికి తగిన పరికరాలు ఇవ్వడానికి ఏటా కోటి డాలర్ల వరకు వెచ్చించే ఏర్పాటు అందులో ఉన్నది. పుస్తకాల హక్కుదారుల అనుమతి కోసం వేచి ఉండకుండా వాటిని అంధులకు చదవగల రూపంలోకి మార్చడానికి మరాకేష్ నగరంలో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అది కుదిరిన రోజు 2013 జూన్ 27, హెలెన్ జన్మదినం. దానిని అందరికంటె ముందుగా, 2014లో ఆమోదించిన దేశం భారతదేశమే.

మన దేశపు తొలి వికలాంగుల చట్టాన్ని పార్లమెంటు 1995లో ఆమోదించింది. అదే ఏడు మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగింది, ప్రజలకు ఇంటర్నెట్టు అందింది. ఆ చట్టంలో వాలుదారులు ఉన్నాయి, రోడ్డు కూడలిలో శబ్దసూచనలు ఉన్నాయి. ఫోనును గురించిన నిబంధన లేదు. పుట్టుకతోనే అది పాతబడింది. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుండి అమలైన కొత్త చట్టం ఆ లోటును పూడ్చి, సమాచారం అంతా అందుబాటులో ఉండే రూపంలో ఇవ్వాలని, రోజువారీ వాడుకలోని ఎలక్ట్రానిక్ వస్తువులు అందరికీ పనికివచ్చే తీరున ఉండాలని విధించింది. అయితే నియమాలు సలహాలుగానే మిగిలాయి. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఈ స్థితిని పరిశీలించి సుప్రీంకోర్టుకు నివేదిక ఇచ్చింది. 2024 నవంబరులో కోర్టు ఆ నియమాన్ని కొట్టివేసి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది.

ఢిల్లీలో వెలువడే ఇటువంటి తీర్పు ఎవరి ఇంటి గడప తొక్కాలి? శ్రీ సత్యసాయి జిల్లాలోని ఆమడగూరు వంటి మెట్టపొలాల మండలాన్ని ఊహించుకొంటే సరి. అక్కడి అంధవిద్యార్థికి బ్రెయిలీ పుస్తకం పంపితే తపాలాశాఖ పైసా తీసుకోకుండా చేరవేస్తుంది. ఆ ఏర్పాటు కాగితం కాలం నాటిది. అదే విద్యార్థికి ఉపకారవేతనం బ్యాంకులో పడాలంటే ఇప్పుడు ఫోను కావాలి. పాత ఫోనులో మీటలు ఉండేవి, వేలికి తగిలేవి. కొత్త ఫోను నున్నని అద్దం. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాధనం అందులో ఉన్నా, ఖాతా తెరిచే చోట బొమ్మలోని వంకర అక్షరాలు చూచి వ్రాయమంటే ఆ సాధనం మూగబోతుంది. ఖాతాదారు సజీవుడేనని నిరూపించడానికి కెమెరా వైపు చూచి కనురెప్ప ఆర్పమని అడుగుతుంది. కళ్ళు లేనివారు, ఆమ్లదాడిలో రెప్పలు కాలిపోయినవారు ఏమి చేయాలి?

అటువంటివారే కోర్టుకు వెళ్ళారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలను అందుకొనగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని ప్రకటించి, ఇరవై ఆదేశాలు జారీచేసింది. కనురెప్ప ఆర్పడం ఒక్కదానినే సజీవతకు గుర్తుగా పట్టుకొనరాదని, వేరు దారులు ఉంచాలని వాటిలో ఉన్నది.